చెయ్యి తిరగడం

మొదటి రోజు కాగితంలో వృత్తి అన్నచోట
"రొట్టె" అని ఒక్క మాట రాసింది.
గులికో. యాభై ఎనిమిదేళ్ళు.
కుతైసి స్టేషన్ వెనక వీధి.
కుడి రొమ్ము లేదు, చంకలో పదకొండు గ్రంథులు లేవు.
ఉన్నదల్లా గొట్టం తీసిన చోట ఒక చిన్న మచ్చ,
ఎవరో లాక్కుపోతారన్నట్టు
ఒంటికి అదిమి పట్టుకున్న మోచెయ్యి.

ఎత్తండి, అన్నాను.
భుజం దాకా రాలేదు.
చంక నుంచి మోచేతి మడత దాకా
చర్మం కింద రెండు తీగలు బిగిసి లేచాయి,
తడి దుప్పటి బరువుకు లాక్కుపోయే
దండెం తాళ్ళలా.
ఎంత? అని అడిగింది.
అరవై రెండు డిగ్రీలు.
"డిగ్రీలు నాకెందుకు పిక్రియా,
పొయ్యిలో ఎన్నో వరసో చెప్పు."

పుట్టినప్పటి నుంచీ తిన్న రొట్టే,
నేనెన్నడూ ఆ పొయ్యిలోకి తొంగి చూడలేదు.
అది మట్టితో కట్టిన బావి అట,
నీళ్ళుండాల్సిన చోట నిప్పు.
నడుం దాకా లోపలికి వంగి
పిండిని గోడకు చరచాలి.
పై వరస పిల్లలైనా వేస్తారు.
అడుగు వరసకు మాత్రం
తల కిందికి దిగి, చెయ్యి చెవిని రాసుకుంటూ పోవాలి.
"అక్కడ మాడకుండా అతికించినవాళ్ళనే
మావాళ్ళు చెయ్యి తిరిగినవాళ్ళంటారు."

ఇప్పుడా చెయ్యి తిరగదు.
జడ కోడలు వేస్తోంది, వదులుగా.

గోడకు ఎదురుగా నిలబెట్టాను.
వేళ్ళతో నడవండి, సాలీడు ఎక్కినట్టు.
ఆమె పక్కన త్సియూరి, రసాయనశాస్త్రం టీచరు,
పళ్ళు బిగబట్టి ఒక్కో అంగుళం ఎక్కుతుంది,
దిగేటప్పుడు మాత్రం బూతులు తిడుతుంది.
ఆ గోడకు ఆ మేర సున్నం నిలవదు.
పెన్సిల్ గీతలూ తారీఖులూ,
కొన్ని పేర్ల మీద కొత్త గీతలు పడలేదు.
వాటిని నేను చెరపలేదు, ఎవరికీ చూపించనూ లేదు.

చెయ్యి వాచిన వారం
బల్ల మీద పడుకోబెట్టి మర్దన చేశాను.
"ఇంతేనా? పిల్లి కూడా ఇంతకన్నా గట్టిగా తొక్కుతుంది."
పిండి కాదు గులికో, ఇది నీరు.
పాత దారి కోసేశారు, కొత్త దారి చూపిస్తున్నాను,
అదిలిస్తే రాదు.
చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత పైకప్పుతో అన్నట్టు అంది:
"మా ఆయన ఇంకా అటు చూడలేదు.
నేనూ చూడలేదనుకో.
అద్దం మీద తువ్వాలు వేశాను."

ఏం చెప్పాలో ఏ పుస్తకంలోనూ చదవలేదు.
మోచేతి నుంచి పైకి, పైకి,
కాగితం కూడా ముడత పడనంత మెల్లగా నిమిరాను.

పొయ్యి వేడి తగలకూడదు, అన్నాను ఆఖర్న.
చెయ్యి మళ్ళీ వాస్తుంది.
ఆమె నవ్వింది, నేను చూసిన మొదటి నవ్వు.
"నలభై ఏళ్ళుగా ఈ చేతి మీద వెంట్రుక మొలవలేదు.
ఇప్పుడు మొలుస్తున్నాయి, చూడు, మెత్తగా.
ఎవరిదో చెయ్యి నాకు అతికించినట్టుంది."

రెండు నెలలు రాలేదు.
ఫోన్ చేస్తే కోడలు తీసేది: దుకాణంలో ఉన్నారు.
నేను కోపంగా వెళ్ళాను, నిజం.

కుడిచేతికి బిగుతు తొడుగు,
దాన్ని వీపు వెనక దాచుకుని
ఎడమచేత్తో పొయ్యిలోకి వంగుతోంది.
ఆ నిప్పు మీదకి అలా వంగకూడదనే అరిచాను.
వినలేదు. పిండి జారి బూడిదలో పడింది.
ఇంకొకటి చరిచింది.

కత్తిలా ఒంపు తిరిగి ఉండాల్సిన రొట్టె
ఇటు కాకుండా అటు ఒంగింది.
అరలో అవన్నీ ఒకదానికొకటి ఎదురెదురుగా,
పాతవాళ్ళు వేసినవి ఇటు, ఆమెవి అటు.
స్టేషన్ కూలీ ఒకడు తిప్పి తిప్పి చూసి అడిగాడు:
ఇదేంటి, రొట్టె తిరగబడింది?
"చెయ్యి తిరుగుతోంది," అంది గులికో, "ఓపిక పట్టు."

కుడిచెయ్యి నూట ముప్ఫై దగ్గర ఆగింది.
ఫైల్లో అంతే రాశాను.
నాకిచ్చిన రొట్టె అంచు మాడిపోయి ఉంది.
ట్రాలీబస్సులో నిలబడి,
ఒక చేత్తో పైకమ్మీ పట్టుకుని,
మొత్తం తిన్నాను.